ఐదుగురం, ఒకే ప్లేలిస్ట్: ఏడాది వాడాక నా రివ్యూ

షేర్డ్ ప్లేలిస్ట్ గురించి రాస్తున్నాను. అంటే నలుగురైదుగురు కలిసి ఒకే ప్లేలిస్ట్‌లో పాటలు వేసుకునే సదుపాయం. ఇప్పుడిది పెద్ద యాప్‌లన్నిట్లోనూ ఉంది. స్పాటిఫైలో ఎప్పట్నించో ఉంది, యాపిల్ మ్యూజిక్‌లో 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో వచ్చింది, యూట్యూబ్ మ్యూజిక్‌లోనూ ఉంది. మేం వాడే యాప్ ఏదో చెప్పడం లేదు, ఎందుకంటే ఈ రివ్యూ ఏ కంపెనీ గురించీ కాదు, మనకి నచ్చిన కొత్త పాటలు స్నేహితుల చేత వినిపించడానికి ఈ పద్ధతి పనికొస్తుందా లేదా అన్నదాని గురించి. ఏడాది పైగా వాడాం. పనికొస్తుంది, కానీ యాప్ ఇవ్వనిది ఒకటి మనం చేర్చుకోవాలి. అది లేకపోతే దండగ. అదేంటో చెప్పడానికే ఇంత పెద్ద పోస్ట్.

మా ఐదుగురి సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒకడు మెటల్ మనిషి, కాలేజీ రోజుల్నించి అదే, డబుల్ బేస్ డ్రమ్ లేని పాట వాడి దృష్టిలో పాటే కాదు. ఒకామె చిన్నప్పట్నించి కర్ణాటక సంగీతం నేర్చుకుంది, ఇప్పటికీ పాడుతుంది. ఒకడు హిప్-హాప్ అంటే చెవి కోసుకుంటాడు. ఇంకొకామె హౌస్, టెక్నో, డ్రమ్ అండ్ బేస్ తప్ప వేరే పెట్టదు. నేను ఆఫ్రికా సంగీతం ఎక్కువ వింటాను, దాంతోపాటు లాటిన్ అమెరికా వైపుది కూడా కొంత. పుర్రెకో బుద్ధి అంటారే, సరిగ్గా అలాగ. స్నేహం మాత్రం పదేళ్ళ పైమాటే.

ప్లేలిస్ట్‌కి ముందు మేం చేసింది అందరూ చేసేదే. చాట్‌లో లింకు పడేయడం, కింద "విను" అని రాయడం. అవతలివాళ్ళు రెండు రోజుల తర్వాత "బావుంది" అనడం. ఆ "బావుంది" మొహమాటానికి అన్నదని ఇద్దరికీ తెలుసు. లింకు ఇరవై మెసేజీల కింద పడిపోతుంది, మళ్ళీ వెతికి వినేవాళ్ళు ఎవరూ ఉండరు. నేనే ఎన్నో వినలేదు, ఎంతో ఇష్టంగా పంపినవి కూడా. అందుకే ప్లేలిస్ట్ పెడదాం అనుకున్నాం, పాటలన్నీ ఒక్కచోట ఉంటాయి కదా అని.

మొదటి రెండు నెలలు పూర్తిగా ఫెయిల్. ఇది ఓపెన్‌గా చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పెట్టడం చాలా ఈజీ, ఒకరు ప్లేలిస్ట్ తెరిచి లింకు పంపితే మిగతావాళ్ళు చేరిపోతారు, ఎవరు ఏ పాట వేశారో పక్కన బొమ్మ కనిపిస్తుంది. అందరికీ ఉత్సాహం, తలా పది పదిహేను పాటలు వేసేశాం. రెండు నెలలయ్యేసరికి 140 దాటాయి. ఒకరోజు మాటల్లో మెటల్ వాణ్ణి అడిగాను, నేను వేసిన వాటిలో ఏది నచ్చిందిరా అని. వాడు నిజాయితీగా చెప్పాడు: "ఒక్కటీ పూర్తిగా వినలేదు, మొదలవగానే నా టైపు కాదనిపించి మార్చేస్తున్నా." మిగతావాళ్ళని అడిగితే అందరిదీ అదే కథ. నాది కూడా. వాడి పాటల్లో గొంతు చించుకునే కేక వినపడగానే నేను తర్వాతి పాటకి వెళ్ళిపోయేదాన్ని. 140 పాటలున్న ప్లేలిస్ట్‌లో ఎవరి పాటలు వాళ్ళు వింటున్నాం, అంతే.

కారణం ఆలోచిస్తే తేలిగ్గానే తెలుస్తుంది. అలవాటు లేని సంగీతం మొదటిసారి విన్నప్పుడు దేన్ని పట్టుకోవాలో చెవికి తెలియదు. మెటల్ వినేవాళ్ళకి ఆ కేక ఒక వాయిద్యం లాంటిది, దాని వెనక గిటార్ ఏం చేస్తోందో వాళ్ళు వింటారు. నాకు కేక ఒక్కటే వినపడుతుంది. ఆలాపన నేర్చుకున్నావిడకి ప్రతి సంచారం ఒక వాక్యం, హిప్-హాప్ వాడికి అదంతా ఒకే పొడవాటి శబ్దం. పాట ఇస్తే చాలదు, చెవిని ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. అది చెప్పే చోటు మేం వాడే యాప్‌లో లేదు. పాట పక్కన రెండు మాటలు రాసుకునే గడి ఒక్కటి ఉంటే ఈ సదుపాయం విలువ రెట్టింపయ్యేది, అంత చిన్న విషయం.

అప్పుడు కర్ణాటక సంగీతం ఆవిడ ఒక రూల్ పెట్టింది. వారానికి ఒక్కొక్కరు ఒక్క పాటే వేయాలి. వేసినవాళ్ళు గ్రూపులో దాని గురించి రెండు మూడు వాక్యాలు రాయాలి, అందులో ఒక టైము తప్పనిసరిగా ఉండాలి, ఫలానా నిమిషం ఫలానా సెకను దగ్గర ఇది విను అని. "అద్భుతం", "మైండ్ బ్లోయింగ్" లాంటి మాటలు వద్దు, ఏం జరుగుతోందో చెప్పాలి. దానికి నేను ఇంకో రూల్ కలిపాను, వారం ప్లేలిస్ట్ మొత్తం 45 నిమిషాలు దాటకూడదని. అది క్యాసెట్ లెక్క. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్‌లో సీ-90 రకానికి ఒక్కో వైపు 45 నిమిషాలే పట్టేది, అందుకే స్నేహితుడికి పాటలు రికార్డు చేసి ఇచ్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, దేని తర్వాత ఏది రావాలి అని కూర్చుని లెక్కేసేవాళ్ళు. చోటు తక్కువ కాబట్టి ఆలోచన ఎక్కువ. ప్లేలిస్ట్‌కి హద్దే లేదు కాబట్టి మేం ఆలోచించడమే మానేశామని నాకనిపించింది.

ఆ మొదటి వారం మెటల్ వాడు రాసింది ఇప్పటికీ దాచుకున్నాను. "మొదటి రెండు నిమిషాలు నీకు గోలగానే ఉంటుంది, ఓపిక పట్టు. 2:10 దగ్గర గిటార్లు రెండూ ఒక్కసారిగా ఆగిపోతాయి, బేస్ గిటార్ ఒక్కటే మిగులుతుంది. అది ఇంతసేపూ అక్కడే ఉంది, గోల వల్ల నీకు వినపడలేదు. తర్వాత మొదటికెళ్ళి మళ్ళీ విను, ఈసారి బేస్ వినపడుతుంది." వాడు చెప్పినట్టే చేశాను. నిజంగా వినపడింది. ఒకసారి వినపడ్డాక ఇక వినపడకుండా ఉండదు, ఆ పాట నాకు గోలగా అనిపించడం ఆ క్షణమే ఆగిపోయింది. మెటల్ అభిమానినైపోయానని అబద్ధం చెప్పను, కానీ ఆ రోజు నుంచి వాడు వేసిన పాట ఒక్కటి కూడా మధ్యలో ఆపలేదు.

ఇంకో వారం నేను ఇథియో-జాజ్ వేశాను. ములాటు అస్తత్కే అనే సంగీతకారుడు 1960లలో ఇథియోపియా స్వరాలని జాజ్‌తో, లాటిన్ లయలతో కలిపి తయారుచేసిన పద్ధతి అది. ఇథియోపియాలో కొన్ని ఐదు స్వరాల వరసలుంటాయి, వాటిలో ఒకదాని పేరు టిజిటా, ఆ మాటకి జ్ఞాపకం, బెంగ అని అర్థం. నేను రాసిన నోట్ అంతా ఆ బెంగ గురించే. పాడే ఆవిడ ఇరవై సెకన్లు వినీ వినగానే వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఏమే, ఇది మోహనం కదా!" స, రి, గ, ప, ధ, అవే ఐదు స్వరాలు. పైగా ఆ మెసేజ్‌లోనే శాక్సఫోన్ వాయించిన ముక్కని స్వరాలు వేసి పాడి వినిపించింది. ఆ తర్వాత తనే సరిచేసుకుంది, స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదు, మోహనంలో గాంధారాన్ని పట్టుకునే తీరు వేరు, గమకం వేరు, వీళ్ళు స్వరం మీద నిలబడే తీరు వేరు అని. ఆ తేడా నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఆఫ్రికా సంగీతం ఇన్నేళ్ళుగా వింటున్న నేను, ఆవిడ నోటితో పాడి చూపించాకే ఆ వరసని మొదటిసారి సరిగ్గా విన్నాను.

దాంతో ఒక సరదా మొదలైంది. తర్వాతి వారం నేను సహారా ఎడారి టువారెగ్ జనం గిటార్ సంగీతం వేస్తే, ఆవిడ "ఇది శుద్ధ ధన్యాసి స్వరాలు" అంది. హిప్-హాప్ వాడు వెంటనే "అయితే బ్లూస్ కూడా అదేనా?" అని ఒక పాత బ్లూస్ పాట తెచ్చి పెట్టాడు. అవును, బ్లూస్ గిటార్ వాళ్ళు మొట్టమొదట నేర్చుకునే మైనర్ పెంటటానిక్ వరస కూడా స, గ, మ, ప, ని, అదే సాధారణ గాంధారం, అదే కైశిక నిషాదం. మెటల్ వాడు "మా సోలోల్లో సగం ఇవే" అన్నాడు. నాలుగు వైపుల నుంచి నలుగురం వచ్చి ఒకే ఐదు స్వరాల దగ్గర నిలబడ్డాం. యాప్ పని అంతా పాటలు పట్టుకుని ఉండటమే, కానీ అవి ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్లే ఇది జరిగింది, ఆ క్రెడిట్ ఇవ్వాలి.

హిప్-హాప్ వాడి నోట్‌లు అందరికంటే బావుంటాయి, వాడికి కథ చెప్పడం వచ్చు. ఒక నెలంతా వాడు జమైకా నుంచి న్యూయార్క్ దాకా నడిపించాడు మమ్మల్ని. మొదటి వారం డబ్, అంటే రికార్డయిన రెగే పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్స్, బేస్ మాత్రం ఉంచి, మిక్సింగ్ బోర్డునే వాయిద్యంలా వాడి ప్రతిధ్వనులు చేర్చడం. దీన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన కింగ్ టబ్బీ అసలు వృత్తి ఎలక్ట్రానిక్స్ రిపేరు. రెండో వారం సౌండ్ సిస్టమ్‌లు, పెద్ద పెద్ద స్పీకర్లు వీధిలో పెట్టి పాటల మీద మాట్లాడే పద్ధతి. మూడో వారం అసలు సంగతి: జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టి న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి వలస వెళ్ళిన డీజే కూల్ హెర్క్, 1973 ఆగస్టు 11న అక్కడ జరిగిన పార్టీలో రికార్డు ప్లే చేయడం, హిప్-హాప్ పుట్టిన రోజుగా చెప్పుకునేది దాన్నే. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కకే జనం ఎక్కువ ఊగుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి ఆ ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పాడు. నాలుగో వారం ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఆవిడ అందుకుంది. ది విన్‌స్టన్స్ అనే బృందం 1969లో రికార్డు చేసిన పాటలో దాదాపు 7 సెకన్ల డ్రమ్ ముక్క ఒకటుంది, ఆమెన్ బ్రేక్ అంటారు, జంగల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలు దాని మీదే లేచాయి. తను ఆ 7 సెకన్లు మాత్రం ముందు వినమంది, తర్వాత తన పాట వినమంది. ముక్కలుగా కోసి, వేగం పెంచి, అటూ ఇటూ పేర్చినా అదే డ్రమ్ అని గుర్తుపట్టాను. అప్పటిదాకా డ్రమ్ అండ్ బేస్ అంటే నాకు ఒకటే టకటకా అనిపించేది.

ఇప్పుడు వాడుకలో తెలిసిన సంగతులు.

రకరకాల సంగీతం ఒకే లిస్టులో పెడితే మొదట ఎదురయ్యే ఇబ్బంది సౌండ్. ఒక వీణ రికార్డింగ్ వినడానికి వాల్యూమ్ పెంచుకుంటారు, వెంటనే మెటల్ పాట వస్తుంది, చెవులు పగులుతాయి. కొత్త రాక్, మెటల్, ఎలక్ట్రానిక్ రికార్డింగులు చాలావరకు చిన్న పెద్ద శబ్దాల మధ్య తేడా తగ్గించి మొత్తం గట్టిగా వచ్చేలా మాస్టర్ చేస్తారు, శాస్త్రీయ సంగీతంలో ఆ తేడా ఉంచుతారు. దీనికి సెట్టింగ్స్‌లో నార్మలైజేషన్ అని ఉంటుంది, పాటలన్నిటినీ ఒక మట్టానికి తెస్తుంది. స్పాటిఫైలో మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) అనే మట్టం వాడతారు. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. క్రాస్‌ఫేడ్ మాత్రం ఆపేయండి, అది ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేస్తుంది. డాన్స్ పాటలకి బావుంటుంది కానీ తంబురా శ్రుతి మెల్లగా ఆగుతుండగా దాని మీద డ్రమ్స్ పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. షఫుల్ కూడా వద్దు. వరస ముఖ్యం, ఎవరి తర్వాత ఎవరి పాట అన్నది మేం ప్రతి ఆదివారం మాట్లాడుకుని పెడతాం.

రెండోది, ఎవరైనా ఏదైనా తీసేయొచ్చు. మేం వాడే యాప్‌లో పాటలు వేసే హక్కు ఉన్నవాళ్ళందరికీ తీసే హక్కు కూడా ఉంటుంది, "ఇది నిజంగా తీసేయమంటావా" అని కూడా అడగలేదు. మాలో ఒకరు బస్సులో వింటూ పొరపాటున వేలు తగిలి పాత పాటలు ఓ నలభై పోగొట్టారు. పాటల పేర్లు చాట్‌లో నోట్‌లు ఉండటం వల్ల దొరికాయి, నోట్ లేని మొదటి రెండు నెలలవి పోయినవి పోయినట్టే. అప్పట్నించి ప్రతి వారం లిస్టుని ఇంకో ప్లేలిస్ట్‌లోకి కాపీ చేసి పెడుతున్నాను, దానికి తాళం నా ఒక్కదాని దగ్గరే. మీరు మొదటి రోజు నుంచే అలా చేయండి.

కొన్ని పాటలు ఉన్నట్టుండి బూడిద రంగులోకి మారి ప్లే కావు. హక్కులు ఒక్కో దేశానికి వేరుగా ఉంటాయి, లేబుల్ ఒప్పందం అయిపోతే తీసేస్తారు. మాలో ఒకరు వేరే దేశంలో ఉండటం వల్ల ఇది తరచూ తగులుతుంది. అందరూ ఒకే యాప్‌లో లేకపోవడం ఇంకో సమస్య. దానికి ఒడెస్లీ అనే సర్వీసు ఉంది, సాంగ్‌లింక్ అని కూడా అంటారు. ఒక యాప్ లింకు అందులో ఇస్తే, అదే పాట వేరే యాప్‌లలో ఎక్కడుందో ఒక్క పేజీలో చూపిస్తుంది. దానికి నా ఫుల్ మార్కులు.

సిఫార్సుల సంగతి కూడా చెప్పాలి. మెటల్ పాటలు వినడం మొదలుపెట్టిన నెలకి నా యాప్ నాకు మెటల్ చూపించడం మొదలెట్టింది. కొందరికి ఇది చిరాకు. స్పాటిఫైలో అయితే ఒక ప్లేలిస్ట్‌ని మన అభిరుచి లెక్కలోంచి మినహాయించే ఆప్షన్ ఉంది. నేను మాత్రం మినహాయించలేదు, ఎందుకంటే ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలిశాక దాని హద్దు కూడా అర్థమైంది. ఈ పాట విన్నవాళ్ళు ఇంకా ఏమేం విన్నారు అన్నది వాటికి పెద్ద ఆధారం. 2015లో స్పాటిఫై మొదలుపెట్టిన డిస్కవర్ వీక్లీ ప్రతి సోమవారం 30 పాటలు ఇస్తుంది, వాటిలో ఇతర శ్రోతల ప్లేలిస్ట్‌లని ఆధారం చేసుకున్నవి ఉంటాయి. అలాంటి లెక్క మనిషిని పక్కింటికి తీసుకెళ్ళగలదు. కానీ మోహనం పాడేవాళ్ళకీ ఇథియోపియా శాక్సఫోన్‌కీ మధ్య కలిపి వినే జనం పెద్దగా లేకపోతే ఆ దారి లెక్కకి కనపడదు. మనిషికి కనపడుతుంది, ఎందుకంటే నా స్నేహితురాలు ఏం పాడుతుందో నాకు తెలుసు, తనకి ఏది నచ్చుతుందో తన స్వరం విని నేను ఊహించగలను. స్పాటిఫైలోనే 2021లో వచ్చిన బ్లెండ్ కూడా వాడి చూశాం, ఇప్పుడు 10 మంది దాకా కలవొచ్చు. అందరూ వినేవాటిని కలిపి రోజూ కొత్త లిస్టు ఇస్తుంది, ఎవరికి ఎవరితో ఎంత కుదిరిందో శాతం చెప్తుంది. ఒకరి అలవాట్లు ఒకరు చూసుకోవడానికి చక్కగా ఉంటుంది. "ఇది నీ కోసమే వెతికి తెచ్చాను" అని ఒకరికి ఇవ్వడం వేరే పని. అందరూ ఒకేసారి వినాలంటే అందులోనే 2023లో వచ్చిన జామ్ బావుంది, 32 మంది దాకా చేరొచ్చు, మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం ప్రీమియం ఉండాలి. నెలకోసారి అలా కలిసి వింటాం, కళ్ళు మూసుకుని, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా.

పేరు తెలియని కళాకారుల పాటలు పంచుకునేవాళ్ళు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటేనే అది ఒక స్ట్రీమ్ కింద లెక్క. 2024 నుంచి గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్‌లు లేని పాట రాయల్టీ లెక్కలోకే రాదు. అంటే మనం ఇష్టంగా వెతికి తెచ్చిన చిన్న బృందం పాటని స్నేహితులు పదిహేను సెకన్లలో మార్చేస్తే వాళ్ళకి దక్కేది సున్నా. అందుకే మాలో ఎవరికైనా ఒక పాట నిజంగా పట్టుకుంటే ఆ ఆల్బమ్ బ్యాండ్‌క్యాంప్‌లో ఉందేమో చూసి కొంటాం. అక్కడ డిజిటల్ అమ్మకం మీద సైట్ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, మిగతాది పేమెంట్ చార్జీలు పోను కళాకారులకో లేబుల్‌కో వెళ్తుంది. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ 15 శాతం కూడా వదిలేస్తారు. మేం కొనేవి ఆ రోజులకే ఆపుకుని కొంటాం.

మార్కులు అడిగితే, షేర్డ్ ప్లేలిస్ట్‌కి 5లో 3 ఇస్తాను. పెట్టుకోవడం తేలిక, ఎవరు వేశారో తెలుస్తుంది, వరస మన చేతిలో ఉంటుంది. నోట్ రాసే చోటు లేనందుకు ఒకటి, తీసేయడం మీద కాపలా లేనందుకు ఒకటి తగ్గించాను. అదే ప్లేలిస్ట్‌ని వారానికొక పాట, టైముతో ఒక నోట్, 45 నిమిషాల హద్దు అనే మూడు రూల్స్‌తో వాడితే 5కి 5. డబ్బు పెట్టి కొన్న ఏ హెడ్‌ఫోన్సూ నా చెవిని ఇంత మార్చలేదు. ఒక్క జాగ్రత్త, నచ్చకపోతే నచ్చలేదని చెప్పే స్నేహితులతోనే పెట్టుకోండి. మా దగ్గర "బావుంది" అన్న మాట ఒక్కటే నిషేధం. నచ్చలేదంటే ఎక్కడ నచ్చలేదో చెప్పాలి, అది కూడా టైముతో. హిప్-హాప్ వాడు ఒకసారి నా పాటకి "4:30 దాకా ప్రాణం పెట్టి విన్నా, ఆ తర్వాత పాట ఎటు పోతుందో దానికే తెలియలేదు" అని రాశాడు. మళ్ళీ విన్నాను, నిజమే.

మెటల్ వాడి గురించి ఒకటి చెప్పి ఆపుతాను. ఐదారు నెలల కింద వాడు 7/8లో, అంటే ఏడు లెక్కల లయలో నడిచే ప్రోగ్రెసివ్ మెటల్ ముక్క ఒకటి వేసి, "ఇది లెక్క పెట్టి చూడండి, మీ వల్ల కాదు" అని రాశాడు. పాడే ఆవిడ పది నిమిషాల్లో జవాబు పెట్టింది, ఆ గిటార్ నడుస్తుండగానే దాని మీద చేత్తో తాళం వేస్తూ "తకిట తకధిమి, తకిట తకధిమి" అంటూ. మిశ్ర చాపు అనే తాళం. మూడు, నాలుగు. ఎక్కడా తప్పలేదు. వాడు ఆ రాత్రి ఆవిడకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడట. నేను ఊరుకోలేక గ్రీకు వాళ్ళ కలమాటియానోస్ నాట్యం పాట ఒకటి వేశాను, అదీ 7/8, మూడు రెండు రెండుగా అడుగులు పడతాయి. వాడు దాన్ని కూడా తకిట తకధిమి అనే లెక్కపెట్టాడు.

నిన్న ఆదివారం లిస్టు పెట్టుకునే టైముకి వాడు గ్రూపులో ఒక రాగం తానం పల్లవి కచేరీ రికార్డింగ్ లింకు పెట్టాడు. 52 నిమిషాలు. నోట్ ఇది: "41వ నిమిషం దగ్గర తని ఆవర్తనం, అంటే తాళవాద్యాల సోలో, మొదలవుతుంది. మృదంగం, ఘటం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వాయిస్తారు, పోను పోను వంతులు చిన్నవవుతూ వస్తాయి, దాన్ని కురైప్పు అంటారట. 48 దాటాక ఇద్దరూ కలిసిపోతారు, చివర ముక్తాయింపు, అంటే ముగించే లయ ముక్క, మూడుసార్లు వస్తుంది, మూడోసారి సరిగ్గా పల్లవి మీద వచ్చి పడుతుంది. ముందున్న 41 నిమిషాలు దాటేయకండి, దాటేస్తే ఆ పడటం తెలియదు. హద్దు దాటుతోందని తెలుసు, అయినా అడుగుతున్నా."

45 రూల్ పెట్టింది నేను. మిగతా ముగ్గురూ వాళ్ళ పాటలు వెనక్కి తీసేసుకున్నారు, నేనూ నాది తీసేశాను. ఈ వారం మా ప్లేలిస్ట్‌లో ఉన్నది అదొక్కటే.